పదకొండో మనిషి

రెల్లులంక,
14 జూలై 2025.

చెల్లెలు విజయకుమారికి,

మీ వదిన పెద్దకర్మకు నువ్వు రాలేదు. పంతొమ్మిదేళ్ళయింది. క్షేమసమాచారాలు తర్వాత, ముందు ఇది చెప్పాలి. కృత్తివెన్ను నుంచి ఆవిడ వైపు వాళ్ళు రెండు ఆటోలు కట్టించుకుని వచ్చారు. నాతో మాటల్లేనివాళ్ళు కూడా వచ్చారు. నా ఒక్కగానొక్క చెల్లెలు రాలేదు. ఆవిడ చేతి గారెలు తిన్నదానివి. నీ పేరున విస్తరి వేయించి, మధ్యాహ్నం మూడింటిదాకా రేవు వైపు చూశాను. తర్వాత ఆ విస్తరి తీయించేశాను.

అప్పుడే రాద్దామనుకున్నాను. నేను చదివింది మూడో తరగతి, అంత కోపం రాయడానికి నా అక్షరాలు చాలవు. ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, గుడివాడ సైకిల్ షాపు రత్తయ్యకు పక్షవాతం వచ్చిందని అవనిగడ్డ బస్టాండులో ఎవరో ఎవరితోనో అంటే విన్నాను. నీ మొగుడి సంగతి నేను బస్టాండులో వినాలి. ఫోన్ నంబరు కనుక్కుని ఇస్తామన్నారు, వద్దన్నాను. నాకు చెవులు పోయాయి. ఎదుట ఉన్నవాళ్ళ మాట పెదాలు చూసి పట్టుకుంటాను, ఫోన్లో అది కుదరదు. నేను అరిచింది రేవంతా వింటుంది, నువ్వు చెప్పింది నాకు వినపడదు.

నాకిక్కడ లోటేమీ లేదు. పడవ మానేసి పదేళ్ళయినా రేవులో నా మాటే చెల్లుతుంది. ఇప్పుడు మోటారు పడవ. ప్రసాద్ నడుపుతున్నాడు, ఏట్లో పోయిన అంకమ్మ కొడుకు. పొద్దున్నే మొదటి ట్రిప్పులో అవతలి ఒడ్డుకు వెళ్ళి టీ కొట్టు బెంచీ మీద కూర్చుంటాను. జనాన్ని లెక్కపెట్టేది నేనే. పదిమందయితే తాడు విప్పమంటాను. పన్నెండయినా విప్పమంటాను. పదకొండయితే ఒకణ్ణి దింపుతాను. ఎంత మొనగాడైనా దిగాల్సిందే.

మొన్న బుధవారం ఎవరో కొత్త నర్సమ్మ ఐసు పెట్టె భుజాన వేసుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. అది ఎక్కితే పదకొండు. ఆగమన్నాను. "టీకాలండీ తాతగారూ, లంకలో తల్లులు చంటిపిల్లల్ని పట్టుకుని కూర్చుని ఉంటారు" అంది. "ఈ పడవలో ఉన్న తల్లులు కూడా బతికి ఒడ్డుకు చేరాలనే ఆగమంటున్నా" అన్నాను. పడవలో అందరూ నవ్వారు. గంటన్నర ఎండలో నిలబడి తర్వాత ట్రిప్పుకు దాటింది.

లంక మొత్తం నా మాట వింటుంది. నా చెల్లెలికే పట్టలేదు.

రత్తయ్యకు ఎలా ఉందో రాయి. రాయకపోయినా నేనేం ఏడవను.

బసవపున్నయ్య


మచిలీపట్నం,
2 ఆగస్టు 2025.

అన్నయ్యకు నమస్కారం.

మేం గుడివాడ వదిలి మూడేళ్ళయింది. షాపు ఎత్తేసి ఇక్కడ మా అబ్బాయి వెంకట్ దగ్గర ఉంటున్నాం. నీ ఉత్తరాన్ని పాత ఇంటి పక్కవాళ్ళు ఇటు వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపారు, అందుకే ఆలస్యం. ఆయనకు కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వస్తుంది. నాకు అర్థమవుతుంది.

వదిన పెద్దకర్మకు మేం వచ్చాం అన్నయ్యా.

ఎక్కడైనా పదకొండో రోజే చేస్తారు కదా, మేమూ ఆ రోజే వచ్చాం. మీ లంకలో పదకొండు పనికిరాదని పన్నెండో రోజుకు జరిపారని మాకు ఎవరు చెప్పారు? వదినకు ఇష్టమని పచ్చ చేమంతులు తెచ్చాను. పడవలో ఉన్నవాళ్ళు ఆయన్ని గుర్తుపట్టారు. "పదకొండో రోజున పదకొండోవాడు వచ్చాడర్రా" అన్నాడు ఒకడు. నవ్వులు. ఆ రోజు నీ బదులు పడవ వేస్తున్న ప్రసాద్ నవ్వలేదు, అలాగని చెయ్యీ అందివ్వలేదు. "తర్వాత ట్రిప్పుకి రండి" అన్నాడు. మూడు ట్రిప్పులు మా ముందే వెళ్ళాయి. రెండున్నరకు చేమంతులు ఏట్లో వదిలి బస్సెక్కాం. బస్సులో ఆయన ఒకటే అన్నారు, "మీ అన్నకు చెప్పకు, బాధపడతాడు" అని. చెప్పలేదు. నువ్వు విస్తరి వేయించి ఎదురుచూశావని ఇవాళ తెలిసింది.

రెండో సంగతి. నువ్వు ఎండలో నిలబెట్టిన నర్సమ్మ పేరు నవ్య. వెంకట్ కూతురు. నా మనవరాలు. మే నెలలో మీ లంకకు ఏఎన్‌ఎమ్‌గా వేశారు. అవనిగడ్డలో గది తీసుకుని రోజూ దాటుతోంది. ఆ రోజు ఐసు కరిగి మందు పారబోయాల్సి వచ్చింది, దానికి మెమో ఇచ్చారు. "రేవులో ఒక ముసలాయన ఆపాడు నానమ్మా" అని ఫోన్లో ఏడ్చింది. ఆ ముసలాయన ఎవరో నీ ఉత్తరం చదివాక నాకు తెలిసింది. దానికీ చెప్పాను.

ఎవరి పిల్లవమ్మా అని రేవులో ఎవరో అడిగితే పిచ్చిది తాత పేరు చెప్పిందట. అప్పటి నుంచి పడవలో ఎంతమంది ఉన్నా సరే, దాన్ని చూడగానే పదకొండు గుర్తొస్తోంది జనానికి, ఎక్కనివ్వడం లేదు. రెండో మెమో కూడా వచ్చింది. ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. మూడోది వస్తే ఉద్యోగం ఉండదంటోంది.

నీ ఆరోగ్యం జాగ్రత్త.

విజయ


రెల్లులంక,
20 ఆగస్టు 2025.

విజయకుమారికి,

నీ ఉత్తరం అందింది. ఎవరిచేతా చదివించుకోలేదు, నేనే కూడబలుక్కుని చదివాను.

మీరు వచ్చి వెనక్కి పోయారని నాకు తెలియదు. తెలిస్తే నేనే తెడ్డు పట్టుకుని వచ్చేవాణ్ణి. ఆ మాట ఎవడన్నాడో ప్రసాద్‌ను అడిగాను, వాడు చచ్చిపోయాడు, లేకపోతే ఇవాళ వాడి సంగతి చూసేవాణ్ణి. అంతవరకు నాది తప్పే.

కానీ నియమం నియమమే. నేను పెట్టింది కాదు, ఏరు పెట్టింది. ఎనభై అయిదులో శ్రావణ మంగళవారం, ఏరు ఎర్రగా ఉంది, రత్తయ్య ఆఖర్న ఎక్కాడు, పదకొండోవాడు. నడి ఏట్లో పడవ పక్కకు ఒరిగింది. అంకమ్మ పోయింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. రత్తయ్య చంపాడని నేనెప్పుడూ అనలేదు. జనం అన్నారు. జనం నోటికి నేను తాళం వేయగలనా?

తర్వాత ఎన్నిసార్లు రుజువైందో నీకేం తెలుసు? తొంభైలో ఇటుకల పడవ మునిగింది, లెక్కపెడితే పదకొండు. ఆ తర్వాత పెళ్ళివారి పడవ ఇసకలో దిగబడింది, పదకొండు. పంచాయితీవాళ్ళు ఇళ్ళకు నంబర్లు వేసినప్పుడు పదకొండు ఎవరూ ఒప్పుకోలేదు. ఆ ఇంటికి ఇవాళ్టికీ పది బై ఎ అని ఉంటుంది. బళ్ళో పిల్లలు కూడా పది మీద ఒకటి అంటారు. పూజారిగారు ఒకసారి నాతో వాదించాడు, "ఏకాదశి శుభం కదయ్యా, రుద్రులు పదకొండుమంది కదా" అని. "ఏకాదశి మీ దేవుడిది పంతులుగారూ, పదకొండు మా ఏటిది" అన్నాను.

పిల్లకు బదిలీ పెట్టుకోమని చెప్పు. మంచి చోటు చూసి వెళ్ళమను. నీ ఉత్తరం రాకముందే రేవులో అంటుంటే విన్నాను, అది రత్తయ్య మనవరాలని. వినపడనట్టు ఊరుకున్నాను. చెవులు పోవడంలో అదొక సుఖం.

నాలుగైదుసార్లు చూశాను దాన్ని. ఈ మొహం ఎక్కడో చూశానే అనుకుంటూ వచ్చాను. మన అమ్మ మొహం.

బసవపున్నయ్య


మచిలీపట్నం,
6 సెప్టెంబరు 2025.

అన్నయ్యకు,

నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. "ఏరు పెట్టింది" అన్న దగ్గర ఆయన నవ్వారు. నవ్వు ఆగలేదు. తర్వాత చూస్తే అది నవ్వు కాదు.

ఇన్నేళ్ళలో ఆ రోజు గురించి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ రోజు నేను అమ్మ దగ్గరే ఉండిపోయాను కదా, రేవుకు రాలేదు. మొన్న అడిగాను. రెండు రోజులు పట్టింది ఆయనకు చెప్పడం.

పడవలో ఎవరెవరున్నారో పేర్లతో చెప్పారు. అంకమ్మ. కొబ్బరికాయల కోటయ్య, అతని భార్య. పెదపారుపూడి నుంచి నాట్లకు వచ్చి తిరిగి వెళ్తున్న ఇద్దరు కూలీలు. మేస్టారు, మేస్టారి తల్లి. పాల క్యాన్ల సాంబయ్య. ఎనిమిదిమంది. ఆయన తొమ్మిది. తెడ్డు పట్టిన నిన్ను కూడా కలిపితే పది.

పదకొండో మనిషి ఎవరు అన్నయ్యా?

ఇంకొకటి చెప్పారు. ఎక్కబోయేముందు పడవ వెనక పలక దగ్గర నీళ్ళలో బుడగలు లేవడం చూశారట. జీవితమంతా సైకిల్ ట్యూబులు నీళ్ళ తొట్టిలో ముంచి చూసిన మనిషి, బుడగ ఎక్కడ లేస్తే అక్కడ చిల్లు అని ఆయనకు తెలియదా. నీకు చెప్పారట. నువ్వేమన్నావో నాకు చెప్పలేదు. "మీ అన్ననే అడుగు" అన్నారు. అడుగుతున్నాను.

ఆయనకు ఈత రాదు. గుడివాడ మనిషికి ఏరెక్కడిది. విరిగిన బల్ల ఒకటి ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో అంకమ్మ చెయ్యి పట్టుకున్నారట. కుడి చేత్తో. జారిపోయింది. "మా బావ అన్నదాంట్లో ఎంతో కొంత నిజం ఉంది, నా చేతిలోంచే కదా పోయింది" అంటారు. ఆ చెయ్యి పడిపోతే ఆయనకు ఆశ్చర్యం కూడా వేయలేదు.

ఎందుకు నోరు విప్పలేదని అడిగాను. "చెబితే ఆ పూట మీ అన్నను నరికేసేవాళ్ళు. నువ్వు పుట్టింట్లో ఉన్నావు" అన్నారు.

విజయ


రెల్లులంక,
3 అక్టోబరు 2025.

అమ్మాయ్ విజయా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపాను. పోస్టాఫీసులో కవర్లు అయిపోయాయేమో అనుకుని ఉంటావు.

నేను ఏమన్నానో అడిగావు. రాస్తున్నాను. "బావా, వెనక పలక దగ్గర బుడగలొస్తున్నాయి, చిల్లుంది, చూడు" అన్నాడు రత్తయ్య. నేను నవ్వాను. "ఇది సైకిల్ ట్యూబు కాదోయ్, పడవ. పంక్చర్లు గుడివాడలో వేసుకో. ఎక్కి కూర్చో" అన్నాను. అందరూ నవ్వారు. అంకమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు బాగా గుర్తు. పాపిష్టి చెవులు, అన్నీ పోయినా అది పోలేదు.

ఏటా వానల ముందు పడవను ఒడ్డుకు లాగి, బోర్లించి, పలకల సందుల్లో కొబ్బరి పీచు కూరి తారు పూస్తాం. మూడు రోజులు పడవ ఆగాలి. ఆ ఏడు నేను చేయలేదు. పక్క రేవువాడు పడవ ఆపలేదు, నేనెందుకు ఆపాలి అని. వెనక పలక మెత్తబడిందని నాకు తెలుసు. వేలు పెడితే దిగేది. రత్తయ్య చెప్పింది నాకు తెలియని సంగతి కాదు. తెలిసిన సంగతిని పదిమందిలో పంక్చర్లు వేసేవాడు చెప్పాడనే నాకు మండింది.

నడి ఏటికి వెళ్ళాక మడమల దాకా నీళ్ళు. జనం భయపడి ఒక పక్కకు లేచారు. అంతే.

ఒడ్డుకు వచ్చాక అంకమ్మ మొగుడు గెడకర్ర తీసుకుని నా మీదికి వచ్చాడు. "ఏం చేశావురా నా పెళ్ళాన్ని" అన్నాడు. రత్తయ్య ఇసకలో పడి నీళ్ళు కక్కుతున్నాడు. నా నోట్లోంచి వచ్చింది, "వాడు ఆఖర్న ఎక్కాడు, మంగళవారం పూట, పదకొండోవాడు" అని. ఎందుకు పదకొండన్నానో ఆ దేవుడికే తెలియాలి. తొమ్మిదంటే తొమ్మిదే చెడ్డదయ్యేది. నేను లెక్కపెట్టలేదు విజయా. ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఆ కర్ర కిందికి దిగింది. అందరూ రత్తయ్య వైపు తిరిగారు. వాడు నా వైపు చూశాడు. బుడగల సంగతి ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను. తల దించుకున్నాడు.

ఆ రోజే చెప్పి ఉంటే అయిపోయేది. మర్నాడు నుంచి నేను ఆ అబద్ధానికి అన్నం పెట్టి పెంచాను. ఎక్కడ పడవకు ఏం జరిగినా ముందు వెళ్ళి "ఎంతమందిరా" అని అడిగేది నేనే. తొమ్మిదిమంది ఉంటే దూడనీ మేకనీ కలిపేవాళ్ళు. పదమూడుమంది ఉంటే చంకలో పిల్లల్ని తీసేసేవాళ్ళు. ఎలాగోలా పదకొండు తేలేది. ఇటుకల పడవలో ఉన్నది ఆరుగురు. మిగతా అయిదు ఎక్కడి నుంచి తెచ్చానో ఇప్పుడు గుర్తు లేదు. కొన్నాళ్ళకు నేనే నమ్మాను. ఒట్టు వేసి చెబుతున్నా, ఆ బెంచీ మీద కూర్చుని లెక్కపెడుతుంటే పదకొండో మనిషి కనపడగానే నా గుండె దడదడలాడుతుంది. నేను చేసిన దయ్యానికి నేనే భయపడుతున్నాను.

నియమం ఏరు పెట్టింది అని రాశాను. ఏరు ఏం పెడుతుంది. నేను పెట్టాను.

ఇది చదివి చింపెయ్. రత్తయ్యకు వినిపించాలనిపిస్తే వినిపించు. నాకు సిగ్గుగా ఉంది. ఈ మాట ఎలా రాయాలో తెలియక పక్కింటి పిల్లను అడిగి రాశాను, ఎందుకని మాత్రం చెప్పలేదు.

బసవపున్నయ్య


మచిలీపట్నం,
14 అక్టోబరు 2025.

అన్నయ్యకు,

చింపలేదు. ఆయనకు చదివాను. గోడ వైపు తిరిగి పడుకున్నారు.

నాకు చెప్పావు. వినాల్సింది నేను కాదు. ప్రసాద్‌కు తల్లి పోయింది. మా నవ్య బదిలీకి కాగితం రాసి పెట్టుకుంది, ఈ నెలాఖరుకు ఇచ్చేస్తానంటోంది. అది ఆ రేవు వదిలి వెళ్ళిపోతే నీ పదకొండు గెలిచినట్టే.

విజయ


రెల్లులంక,
2 నవంబరు 2025.

అమ్మాయ్ విజయా,

చెప్పాను.

పోయిన సోమవారం పొద్దున మొదటి ట్రిప్పులో దాటాక, పడవ లంకకు తిరిగేముందు, టీ కొట్టు దగ్గర జనం ఉండగానే "ప్రసాదూ, తాడు విప్పకు, ఒక మాట" అన్నాను. బెంచీ మీద కూర్చుని చెప్పలేకపోయాను, లేచి నిలబడి చెప్పాను. మెత్తబడ్డ పలక, పీచు, బుడగలు, సైకిల్ ట్యూబు, గెడకర్ర, అన్నీ. నాకు వినపడదు కాబట్టి ఎంత గట్టిగా చెప్పానో తెలియదు. అవతలి ఒడ్డుకు కూడా వినపడి ఉంటుంది.

ఏమైందో తెలుసా? ఒక్కడూ నమ్మలేదు. టీ కొట్టువాడు నా చేతిలో గ్లాసు పెట్టి, "ఎండలో కూర్చోకు పెద్దాయనా" అన్నాడు. ఇంకొకడు ఆ పక్కవాడితో అనడం నాకు పెదాల్లోనే తెలిసింది, "నర్సమ్మ చెల్లెలి మనవరాలంట, చుట్టరికం కొద్దీ మాట మారుస్తున్నాడు" అని. నలభై ఏళ్ళ నాడు అబద్ధం చెబితే ఎదురుమాట లేకుండా నమ్మారు. ఇవాళ నిజం చెబితే అబద్ధమంటున్నారు. నాకు తగిన శాస్తే.

ప్రసాద్ ఒక్కడే నమ్మాడు. నమ్మకపోతే బాగుండేది. నా చెయ్యి పట్టుకుని పడవ చాటుకు తీసుకెళ్ళి చెవి దగ్గర అన్నాడు. "మా నాన్న ఎప్పుడూ చెప్పేవాడు పెద్దయ్యా, మీ అమ్మను పదకొండు మింగిందిరా అని. అంకెను ఎంత తిట్టుకున్నా ఎవరికీ తగలదు కదా, హాయిగా తిట్టుకున్నాను. రోజూ నీకు టీ ఇప్పించాను. ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు? రేపటి నుంచి నీ మొహం చూసి పడవ ఎలా తియ్యమంటావు?" మర్నాటి నుంచి టీ రాలేదు. రాకపోవడమే న్యాయం.

జనం మారలేదు కనుక నేనొక పని చేస్తున్నాను. పదిమంది ఎక్కగానే నేను లేచి వెళ్ళి పడవలో కూర్చుంటున్నాను. పదకొండోవాణ్ణి నేను. మొదటి రోజు ముగ్గురు దిగిపోయారు. దిగితే మళ్ళీ నేను దిగి, వాళ్ళు ఎక్కాక మళ్ళీ ఎక్కాను. నాకేం పనుంది. నా తర్వాత ఆ పిల్ల ఎక్కితే పన్నెండు. పన్నెండుకు ఎవరికీ అడ్డు లేదు. ఆరు రోజులుగా ప్రతి ట్రిప్పూ ఇంతే. పడవ మునగలేదు. నాలుగో రోజు నుంచి ఎవరూ దిగడం లేదు. ప్రసాద్ నా వైపు చూడడు, కానీ ఐసు పెట్టె తనే అందుకుని లోపల పెడుతున్నాడు.

నిన్న నేనే ఆ పిల్లతో మాట్లాడాను. "నేను మీ నానమ్మ అన్నను" అన్నాను. "తెలుసండి" అని ఒక చీటీ మీద రాసి చూపించింది, నాకు వినపడదని. కింద ఇంకో మాట రాసింది. "మెమోకు జవాబులో పడవ ఆలస్యమైందనే రాశాను తాతగారూ. మీ పేరు రాయలేదు."

రత్తయ్య మనవరాలు కదా. ఆ వంశానికి నోరు లేదు. ఆ చీటీ జేబులోనే ఉంది. గెడకర్ర దెబ్బ ఆ రోజే తిని ఉంటే ఇంత నొప్పి ఉండేది కాదు.

బదిలీ కాగితం ఇవ్వలేదట. ఆ మాట మాత్రం అడిగి తెలుసుకున్నాను.

ఇక నీతో నాకు పని లేదు, రత్తయ్యతో పని. నేను మచిలీపట్నం రావాలి. వాడి మంచం దగ్గర నిలబడాలి. కూర్చోమంటే కూర్చుంటాను. ఏం మాట్లాడాలో నాకు తెలియదు, వాడికి మాట రాదు, నాకు వినపడదు, అయినా రావాలి. కానీ వాడు రమ్మంటేనే వస్తాను. పిలవని చోటుకు పోయే అలవాటు ఈ వయసులో నేర్చుకోలేను.

ఇందులో ఒక పోస్టుకార్డు పెట్టాను. నా పేరు, ఊరు నేనే రాశాను. నువ్వు ఒక్క అక్షరం రాయకూడదు. జాలిపడి రాస్తావు, నీ చేతి రాత నాకు తెలుసు. వాడి ఎడమ చేతికి పెన్ను ఇవ్వు. రమ్మంటే రెండు నిలువు గీతలు గీయమను, పక్కపక్కనే. వంకరైనా ఫరవాలేదు. వద్దంటే ఏమీ గీయక్కర్లేదు, కార్డు ఖాళీగా పంపండి. అసలు పంపకుండా మాత్రం ఉండొద్దు. నలభై ఏళ్ళు ఏమీ అనకుండా ఊరుకున్నాడు, ఈసారి ఊరుకుంటే ఒప్పుకోను.

నవంబరు పదకొండు, మంగళవారం. ఆ రోజు పోస్టుమాన్ రెండో ట్రిప్పులో దాటుతాడు. నేను అదే పడవలో ఉంటాను. ఆ రోజుకు కార్డు నా చేతికి రావాలి.

బసవపున్నయ్య